రేడియో బగ్గీని బాటకు దిద్దుట

బగ్గీ యనగానే మన పెద్దలకు గుఱ్ఱమును కట్టిన తేలికబండి జ్ఞప్తికి వచ్చును. ఆ పేరే తరువాత ఒకజాతి మోటారుబండ్లకును సంక్రమించినది. అమెరికా దేశమున కాలిఫోర్నియా తీరమందలి యిసుకదిబ్బలపై నడపుటకై కొందరు పాత వోక్స్‌వాగన్ కార్ల అడుగుభాగములపై తేలికయైన పైభాగములను బిగించి బండ్లను చేసికొనిరి. 1964లో బ్రూస్ మేయర్స్ అను నతడు ఫైబర్‌గ్లాసుతో నిర్మించిన ‘మేయర్స్ మాంక్స్’ అను బండి వీనిలో మిక్కిలి ప్రసిద్ధి నొందినది. ఇట్టి బండిని పదవవంతు పరిమాణమున చేసి, దానిలో విద్యుత్ మోటారును, బ్యాటరీని, రేడియో రిసీవరును అమర్చినచో నదియే రేడియో బగ్గీ యగును.

రేడియో తరంగములచే దూరమునుండి వాహనమును నడపుట నిన్న మొన్నటి సంగతి కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నందు ఒక చిన్న పడవను తీగలు లేకయే నడపి చూపెను. బగ్గీల విషయమున, జపాను దేశములోని షిజువోకా నగరమందలి టామియా సంస్థ 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అను రెండింటిని వెలువరించినది. 1984లో ఆ సంస్థయే గ్రాస్‌హాపర్ అను సులభమైన బండిని, అమెరికాలోని టీమ్ అసోసియేటెడ్ సంస్థ ఆర్.సి.10 అను పందెపుబండిని తెచ్చినవి. ఈ రెండింటిని పోల్చి చూచినచో మన విషయము సగము బోధపడును. మొదటిదానియందు స్ప్రింగులు కలవు గాని వాని యూగుటను అణచు నూనెగొట్టములు లేవు. గతుకు తగిలినప్పుడు అది తన పేరునకు తగినట్లు మిడుతవలె గంతులు వేయును. రెండవదానియందు నాలుగు చక్రములకును నూనె నింపిన షాక్ అబ్సార్బరులు కలవు. చక్రము గాలిలో నుండగా మోటారు ఎంత బలముతో త్రిప్పినను బండికి ప్రయోజనము లేదు గదా! నేలను విడువని బండియే ముందు గమ్యము చేరును.

గత విద్యాసంవత్సరమున మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకరు తాము వాడిన బగ్గీ నొకదానిని మా విజ్ఞానసంఘమునకు కానుకగా నిచ్చిరి. అది వెనుక చక్రములచే మాత్రమే నడచు బండి. ఆటస్థలమున ఒక మూలను, ఎఱ్ఱమట్టి నేలపై, 60 మీటర్ల చుట్టుకొలతగల బాటను పిల్లలే వేసిరి. అంచులకు మొదట ఇటుకలు పెట్టి, ముందుచక్రపు చేయి యొకటి విరిగిన పిదప వాని స్థానమున పాత నీళ్లగొట్టమును పరచిరి. బండి వచ్చిన వారమునకే బాలురందరి నోటను ఒకటే మాట: “అయ్యా, దీనికి ఇంకా బలమైన మోటారు కావాలి.” అందుకై వారు కొంత సొమ్మును పోగుచేయుట గూడ మొదలుపెట్టిరి.

ఈ దశలో మేమొక పొరపాటు చేసితిమి. దానిని దాచక చెప్పుట ఈ వ్యాసమునకు అవసరము. ఎనిమిదవ తరగతి బాలుడొకడు బండిని నడపునప్పుడెల్ల అది మలుపున గిఱ్ఱున తిరిగి వెనుకకు మొగము పెట్టి నిలుచుచుండెను. తక్కినవారు నడపునప్పుడు అట్లు జరుగుట అరుదు. మేమును స్వయముగా నడపి చూచితిమి. బండి చక్కగనే నడచినది. “నీ చేయి నిలకడ లేనిది, నాయనా. కొన్నాళ్లు చూచి నేర్చుకొనుము” అని చెప్పి రెండు వారములు ట్రాన్స్‌మిటరును అతనికి ఇయ్యలేదు. అతడు ఎదురు చెప్పలేదు. ప్రతి సాయంకాలమును వచ్చి, బాట ప్రక్కను కూర్చుండి, చెదరిన గొట్టమును సవరించి పోవుచుండెను. ఆ తీర్పు సరియైనదో కాదో తెలిసికొనవలెనన్న, ముందు బండి నేలను ఎట్లు పట్టుకొనునో తెలిసికొనవలెను.

బగ్గీని నేలతో కలుపునవి నాలుగు రబ్బరు ముక్కలు మాత్రమే. ప్రతి టైరును ఒకానొక క్షణమున నేలను తాకు వైశాల్యము ఒక చిన్న బిళ్ల యంత యుండును. త్వరణము గాని, మలుపు గాని, నిలుపుట గాని సమస్తమును ఈ నాలుగు బిళ్లల ద్వారముననే జరుగవలెను. పైగా బండి పదవవంతునకు తగ్గినను నేల తగ్గలేదు. మన బాటపై నుండు మూడు సెంటీమీటర్ల గులకరాయి ఈ బండికి, పెద్దకారునకు 30 సెంటీమీటర్ల బండరాయి వంటిది. కావున చిన్నబండికి గతుకులను సహించు ఏర్పాటు పెద్దబండి కంటెను ముఖ్యము.

మలుపునందు మఱియొక సంగతి జరుగును. బస్సు ఎడమకు తిరిగినప్పుడు మనము కుడికి ఒరుగుదుము. అట్లే బండి బరువును లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములకు మారును. ఇందు గుర్తింపవలసిన దేమనగా, టైరుపై బరువు రెట్టింపైనను దాని పట్టు రెట్టింపు కాదు. అంతకు కొంత తక్కువగనే పెరుగును. కావున లోపలి చక్రము పోగొట్టుకొన్న పట్టును వెలుపలి చక్రము పూర్తిగా సంపాదింపలేదు. ముందుభాగమున ఈ మార్పు ఎక్కువగా జరిగిన ముందుచక్రములు ముందుగా జారును. బండి తిరుగక తిన్నగా పోవును. దీనిని అండర్‌స్టీర్ అందురు. వెనుకభాగమున ఎక్కువగా జరిగిన వెనుకచక్రములు జారి బండి గిఱ్ఱున తిరుగును. దీనిని ఓవర్‌స్టీర్ అందురు. ఏ వైపు స్ప్రింగులు గట్టివైన ఆ వైపు బరువు మార్పిడి యెక్కువ యగును. కనుక వెనుకభాగము జారుచున్నచో వెనుక మెత్తని స్ప్రింగులు వేయవచ్చును. లేదా ముందు గట్టి స్ప్రింగులు వేయవచ్చును. దోషము కనబడు చోటొకటి, దిద్దవలసిన చోటొకటి కావచ్చునను మాటను ఇక్కడనే గుర్తుంచుకొనుడు.

ఇక దిద్దు క్రమమును చెప్పెదము. మార్పులకు ముందు పరీక్ష చేయవలెను. చెడిన బండిని ఎంత దిద్దినను దిద్దుబాటు నిలువదు. బ్యాటరీని తీసివేసి, ప్రతి చక్రమును వ్రేళ్లతో పట్టి కదలించి చూడవలెను. బేరింగు అరిగిన చక్రము అటునిటు ఆడును. షాక్ అబ్సార్బరును విప్పి, సస్పెన్షను చేతిని పైకెత్తి వదలినచో తన బరువుచేతనే క్రిందికి జారవలెను. మధ్యలో నిలిచిపోయిన అచ్చట మట్టియో, వంగిన కమ్మియో యుండును. సర్వోనుండి ముందుచక్రములకు పోవు కమ్మీలందు వదులుతనము హెచ్చుగా నున్నచో బండి తిన్నగా పోవలసిన చోటను వంకరలు పోవును.

రెండవది టైర్లు. పట్టును ఇచ్చునవి అవియే గనుక మార్పులన్నిటిలోను దీని ఫలితమే పెద్దది. వదులైన దుమ్మునేలకు పొడవైన ముండ్లుగల టైర్లు, గట్టిపడిన నేలకు పొట్టిముండ్లుగల మెత్తని రబ్బరు టైర్లు తగును. వెనుకచక్రములతో నడచు బండికి ముందు టైర్లపై పొడవునకు గాట్లు తీర్చినవి పెట్టుదురు. అవి నాగటికఱ్ఱువలె నేలను కోసి దిక్కు చూపును. టైరు లోపలి నురుగుముక్క చినిగినను, టైరు అంచు చక్రమునుండి ఊడినను మలుపున టైరు మడతపడును. మా బాటపై ఉదయము నీరు చల్లినప్పుడు పనిచేసిన టైర్లు మధ్యాహ్నమున దుమ్ము లేచిన పిదప పనిచేయవని పిల్లలు తామే కనుగొనిరి.

మూడవది నేలనుండి బండి యెత్తు. బ్యాటరీతో సహా సమస్తమును అమర్చి, బండిని జానెడెత్తునుండి చదునైన బల్లపై వదలి, అది స్థిరపడిన పిదప అడుగుపలక యెత్తును కొలువవలెను. పదవవంతు బగ్గీలకు సాధారణముగా 20 మొదలు 25 మిల్లీమీటర్లు ఉండును. గతుకులు మెండుగా నున్న బాటకు కొంత హెచ్చు, నున్నని బాటకు కొంత తక్కువ. వరిగడ్డిని ఎత్తుగా వేసిన బండి కాలువగట్టున ఏల ఒరుగునో మన పిల్లలు చూచినవారే. గురుత్వకేంద్రము ఎంత క్రిందనుండిన బండి బోల్తాపడుట అంత కష్టము. చక్రముల మధ్య వెడల్పు 240 మిల్లీమీటర్లు, గురుత్వకేంద్రపు టెత్తు 60 మిల్లీమీటర్లు అయినచో, వెడల్పులో సగమును ఎత్తుచే భాగించగా 2 వచ్చును. అనగా బండి బరువునకు రెట్టింపు బలము ప్రక్కనుండి త్రోసినగాని చదునైన నేలపై అది పొర్లదు. మట్టిపై టైర్లు అంత బలమును పట్టలేక ముందే జారిపోవును. మట్టిబాటపై బండి పొర్లినదనిన చక్రము గాడిలోనో, అంచుకో తగులుకొన్నదని యెక్కువగా అర్థము.

నాల్గవది షాక్ అబ్సార్బరు. స్ప్రింగు బండిని మోయును. నూనె దాని యూపును అణచును. గొట్టములోని నూనెయందు చిన్న రంధ్రములుగల బిళ్ల పైకిని క్రిందికిని పోవుచుండును. నూనె చిక్కనిదైనను, రంధ్రములు చిన్నవైనను కదలిక మెల్లనగును. ఇందు వాడు సిలికోను నూనె చిక్కదనమును సెంటీస్టోకులలో చెప్పుదురు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమివద్ద నీటి చిక్కదనము సుమారు 1 సెంటీస్టోకు. బగ్గీలకు 300, 350, 400 సెంటీస్టోకుల నూనెలు తరచుగా వాడుదురు. వేడికి నూనె పలుచబడును. చలికాలపు తెల్లవాఱుజామున ఆముదము ఎంత మెల్లగ జాఱునో, ఎండకు పెట్టిన పిదప ఎంత సులువుగ కారునో ఇంట చూచినవారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు. సిలికోను నూనె మార్పు అంతటిది కాకపోయినను, మన వేసవి యెండలో నడపువారు డిసెంబరులో వాడినదానికంటె కొంత చిక్కని నూనె వేసికొనుట మంచిది. నూనె పోయునప్పుడు గాలిబుడగ మిగులరాదు. బిళ్లను మెల్లగ పైకి క్రిందికి ఆడించి, బుడగలన్నియు పైకి వచ్చువఱకు గొట్టమును నిలువుగ నుంచి, పిదప మూత బిగింపవలెను. సరిగా నింపిన బండిని చేతియెత్తునుండి వదలినచో ఒక్కసారి కుంగి, లేచి, నిలిచిపోవును, బంతివలె ఎగురదు.

అయిదవది చక్రముల కోణములు. ముందునుండి చూచినప్పుడు చక్రపు పైభాగము లోపలికి ఒరిగియుండుట కేంబరు. 1 లేక 2 డిగ్రీలు లోపలికి ఒరిగినచో మలుపున బండి ఒరిగినప్పుడు వెలుపలి టైరు చదునుగ నేల నంటును. పైనుండి చూచినప్పుడు చక్రముల మొగములు లోపలికి గాని వెలుపలికి గాని తిరిగియుండుట టో. వెనుకచక్రములను సుమారు 3 డిగ్రీలు లోపలికి త్రిప్పియుంచుట ఇట్టి బగ్గీలలో వాడుక. దానివలన బండి వెనుకభాగము త్రోవ తప్పక నిలుచును. వేగము కొద్దిగ తగ్గును. ముందుచక్రములను తిన్నగనో, ఒక డిగ్రీ వెలుపలికో ఉంచుదురు. వెలుపలికి త్రిప్పినచో మలుపు మొదట చురుకుదనము కలుగును. జామెట్రీ పెట్టెలోని కోణమానినియు, ఒక అట్టముక్కయు ఈ కొలతలకు చాలును. కుడియెడమల కొలతలు సమముగ నుండుట అన్నిటికంటె ముఖ్యము.

ఆఱవది బరువు పంపకము. వెనుకచక్రములు నడపు బండికి వెనుక బరువుండిన దుమ్మునేలపై ముందుకు తోయు పట్టు హెచ్చును. కాని ముందుచక్రములు తేలికపడి మలుపున మాట వినవు. బ్యాటరీని ఒక సెంటీమీటరు ముందునకు జరుపుటచేతనే తేడా కనబడును. బండి ముందువెనుకల నడిమిచోట్ల రెండు సన్నని మొనలపై దానిని ఎత్తి చూచినచో అది కుడికో యెడమకో ఒరుగును. తేలికవైపున చిన్న సీసపుముక్క నంటించి త్రాసువలె సమము చేయవలెను.

కడపటిది గేర్లు. మోటారుపై నుండు చిన్నగేరు పినియను, అది త్రిప్పు పెద్దగేరు స్పర్. మా బండికి స్పర్‌గేరునకు 87 పండ్లు, పినియనుకు 21 పండ్లు, లోపలి గేర్ల నిష్పత్తి 2.6. కావున 87ను 21చే భాగించి 2.6చే గుణింపగా సుమారు 10.8 వచ్చును. మోటారు 10.8 సారులు తిరిగినగాని చక్రము ఒక్కసారి తిరుగదు. మోటారు నిమిషమునకు 20,000 సారులు తిరిగినదనుకొనుడు. వెనుకచక్రపు వ్యాసము 85 మిల్లీమీటర్లు. ఎనిమిదవ తరగతివారు లెక్కకట్టి గంటకు ఇంచుమించు 30 కిలోమీటర్లని చెప్పిరి. పినియనును 19 పండ్లదానికి మార్చినచో అది 27 కిలోమీటర్లకు తగ్గును. అయినను మా బాటపై తిన్నని భాగము చిన్నది గనుక 30 కిలోమీటర్ల వేగము ఎన్నడును అందలేదు. చిన్న పినియనుతో మలుపునుండి వేగముగ బయటపడుటయు, మోటారు వేడి తగ్గుటయు మేలే కలిగించినవి. ఊరకనే పెద్ద పినియను వేసి మోటారును కాల్చుకొనువారు పెక్కుమంది యుందురు.

ఇన్ని మార్పులలో దేనిని ఎప్పుడు చేయవలెను? ఇచ్చటనే చాలమంది తప్పుదురు. బండి బాగుగ నడువలేదని ఒకేసారి నూనె మార్చి, స్ప్రింగు మార్చి, బ్యాటరీ జరిపి, మేలైనచో దేనివలన మేలైనదో, కీడైనచో దేనివలన కీడైనదో తెలియక నిలుతురు. ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. మార్పునకు ముందును, తరువాతను, అదే మనిషి, అదే టైర్లతో, అదే బ్యాటరీ నింపుదలతో పది చుట్లు నడపి, కాలమును, జారిన చోటును వ్రాయవలెను. మేలు కానిచో వెనుకటి స్థితికే తెచ్చి పిదప రెండవ మార్పునకు పోవలెను.

మా సంఘమున ఈ లెక్క పుస్తకమును వ్రాయు పని తొమ్మిదవ తరగతి బాలిక చేపట్టినది. మేము బాలునివద్దనుండి ట్రాన్స్‌మిటరును తీసికొన్న రెండవ వారమున ఆమె పుస్తకము తెచ్చి, “అయ్యగారూ, ఒక సంగతి చూడండి. బండి తిరిగిపోయిన పదకొండు మారులును ఎడమ మలుపులోనే తిరిగినది. కుడి మలుపులో ఒక్కసారియు లేదు” అనినది. మేము పుస్తకమును చూచితిమి. ఆ బాలుని చుట్లకాలము అందరికంటె తక్కువగ నుండెను. అనగా అందరికంటె వేగముగ నడపినవాడు అతడే. చేయి నిలకడలేనివాడైనచో రెండు మలుపులందును తప్పవలెను గదా! ఎడమ మలుపుననే తప్పినచో ఆ తప్పు చేతిది కాదు.

బండిని బల్లపై నుంచి విప్పితిమి. కుడివైపు వెనుక షాక్ అబ్సార్బరు చుట్టును మట్టి ముద్దగట్టి తడిగ నుండెను. అడుగున నుండు చిన్న రబ్బరు వలయము చినిగి నూనె యంతయు కారిపోయినది. ఎడమకు తిరుగునప్పుడు బరువు కుడివైపునకు మారును. అచ్చట అణచు నూనె లేనందున ఆ చక్రము ప్రతి గతుకునకును ఎగిరి నేలను విడుచుచుండెను; వెంటనే వెనుకభాగము జాఱుచుండెను. నెమ్మదిగ నడపినచో గతుకు తాకిడి స్వల్పమగుటచే ఈ దోషము బయటపడదు. మేము నెమ్మదిగ నడపి దోషము లేదంటిమి. తక్కినవారును అంతే. వేగముగ నడపగల ఒక్కనికే బండి తన జబ్బును చూపినది. ఆ చూపినదానిని మేము అతని తప్పుగ లెక్కించితిమి.

మఱునాడు సంఘమున అందరియెదుటను ఆ మాట చెప్పి, బాలునితో, “తప్పు బండిదియు, మాదియునే గాని నీది కాదు” అంటిమి. అతడు తల వంచుకొని, “వెనుక చక్రము ఎగురుట నేను చూచితిని, అయ్యా. చెప్పిన సాకు అనుకొందురని ఊరకుంటిని” అని మెల్లగ పలికెను. తరగతి గదిలో ఇరువది యేండ్లుగ ప్రశ్నలడుగుచున్న మేము ఆ దినమున అడుగవలసిన ఒక్క ప్రశ్నను అడుగలేదు. “నీకేమి కనబడినది?” అనునది ఆ ప్రశ్న.

మోటారునకై పోగైన సొమ్ముతో రబ్బరు వలయములు, 350 సెంటీస్టోకుల నూనె, ఒక జత వెనుక టైర్లు, చిన్న పినియను కొంటిమి. వలయము మార్చి, నాలుగు షాక్ అబ్సార్బరులలోను నూనె నింపితిమి. తరువాత టైర్లు, ఆపైన బ్యాటరీ స్థానము, ఆపైన పినియను, ఒకదాని తరువాత ఒకటిగ పరీక్షించితిమి. వెనుకటి లెక్కలో ఆ బాలుడు పది చుట్లను నాలుగుసార్లు తిరిగిపోయి 2 నిమిషముల 48 సెకనులలో పూర్తిచేసియుండెను. దిద్దిన పిదప ఒక్కసారియు తిరుగక 2 నిమిషముల 14 సెకనులలో ముగించెను. మోటారు పాతదే. ఇప్పుడు క్రొత్త మార్పు చేసిన ప్రతిసారియు మొదట నడపువాడు అతడే. ఏలయనగా బండి చెప్పు మాట అతని చేతికే ముందు వినబడును.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఈ బండ్లలో ఇప్పుడు లిథియం పాలిమర్ బ్యాటరీలు సాధారణముగ వాడబడుచున్నవి. ఒక్కొక్క సెల్లు 4.2 వోల్టులకు మించి నింపరాదు. 3 వోల్టులకు దిగువకు ఖాళీ కానీయరాదు. సెల్లులను సమముగ నింపు తగిన చార్జరునే వాడవలెను. ఉబ్బినదానిని, గ్రుచ్చుకొన్నదానిని మరల నింపరాదు. నింపునప్పుడు పెద్దవారు దగ్గఱ నుండవలెను. రాత్రి నింపుదలకు పెట్టి నిద్రపోవుట అపాయకరము. పిల్లలు బండి విప్పుటకు ముందు బ్యాటరీ తీసిరా లేదా యని యడుగుడు. నడపునప్పుడు మొదట ట్రాన్స్‌మిటరును వెలిగించి పిదప బండిని వెలిగింపవలెను. ఆపునప్పుడు మొదట బండిని ఆపి పిదప ట్రాన్స్‌మిటరును ఆపవలెను. లేనిచో బండి తనంతట తాను పరుగెత్తవచ్చును.

విద్యార్థులారా, బగ్గీ మీ చేతికి దొరకకపోవచ్చును. సైకిలో, కుట్టుమిషనో, ఇంటి నీటిపంపో దొరకును. అది సరిగ నడువనప్పుడు క్రొత్తదానిని కోరుటకు ముందు ఒక కాగితము తీసికొనుడు. ఎప్పుడు తప్పుచున్నదో, ఏవైపున తప్పుచున్నదో, ఎవరి చేతిలో తప్పుచున్నదో వ్రాయుడు. పదిసారులు వ్రాసిన పిదప స్క్రూడ్రైవరును పట్టుకొనుడు. మా లెక్క పుస్తకము విజ్ఞానసంఘపు బల్లపై నున్నది. చూడగోరువారు ఏ సాయంకాలమైనను రావచ్చును.